మా గడపయు పొరుగింటి బిడ్డయు

ధ్యాన భాగములు: ద్వితీయోపదేశకాండము 6:4–9, లూకా 2:41–52, 2 తిమోతి 1:3–7



బిడ్డలకు దేవుని మాటలు నేర్పవలసినవారెవరు అను ప్రశ్నకు మోషే ఇచ్చిన జవాబు మనలో చాలమందికి కంఠస్థమే. ద్వితీయోపదేశకాండము 6వ అధ్యాయములో ఆయన ఆ పనిని యాజకులకు అప్పగింపలేదు, తల్లిదండ్రులకు అప్పగించెను. దానికొక గదిని గాని గంటను గాని నియమింపలేదు. పడకనుండి లేచిన వేళ మొదలుకొని పడక చేరు వేళవరకు, ఇంటిలోనైనను త్రోవలోనైనను జరుగవలసిన పనిగా దానిని చెప్పెను. ఈ మాటను మేము అనేక పర్యాయములు ప్రసంగములలో వింటిమి. మూడేండ్ల క్రిందట దానిని అక్షరాల పాటింపవలెనని పూనుకొంటిమి. ఆ పూనిక మాకు నేర్పిన సంతోషమును, తరువాత నేర్పిన సిగ్గును సంఘస్థులతో చెప్పుకొనుటయే ఈ వ్యాసముయొక్క ఉద్దేశము.

మేము కొత్తపట్నములో కాపురమున్నాము. మాకు ముగ్గురు బిడ్డలు: పెద్దవానికి ఏడేండ్లు, నడిమిదానికి ఐదు, కడపటివానికి రెండు. పెద్దవానిని నాలుగేండ్లప్పుడు ఒక ఇంగ్లీషు మీడియం బడిలో చేర్చితిమి. దాని పేరు చెప్పనవసరము లేదు. వ్రేళ్లు ఇంకను పెన్సిలు పట్టుకొనలేని ఆ పసివాడు రాత్రి ఎనిమిది గంటలవరకు పుటలు నింపుచు, నిద్రలో కూడ ఉలికిపడి ఏడ్చుచుండెను. ఒక రాత్రి మేమిద్దరము వాని మంచము ప్రక్కన మోకరించి ప్రార్థించి, మరునాటినుండి వానిని ఇంటనే ఉంచుకొంటిమి. ఇంటనే చదువు చెప్పుట ఆ విధముగా మొదలైనది.

ఆ దినములు ఎట్లు గడచునో క్లుప్తముగా చెప్పెదము. తెల్లవారుజామున వలలకు పోవువారి కేకలకే మా ఇంట అందరము లేతుము. ముఖములు కడుగుకొని చాప మీద కూర్చుండి ఒక కీర్తన పాడి, సువార్తలలోనుండి ఒక చిన్న భాగము చదివి, ఒక్కొక్కరము ఒక్కొక్క వాక్యముతో ప్రార్థింతుము. కడపటివాని ప్రార్థన ప్రతి దినము మా పిల్లికొరకే. అటు తరువాత మాలో ఒకరు బస్సు ఎక్కి ఒంగోలునకు పనికి పోవుదురు. మరియొకరు చద్దిగిన్నెలు కడిగి, పలక తీయుదురు. ఇసుక పోసిన పళ్లెములో చూపుడు వ్రేలితో అక్షరములు దిద్దుట నడిమిదాని పని. పెద్దవాడు వేరుశనగకాయలు పోగులుపెట్టి ఎక్కాలు నేర్చుకొనును. లెక్క తప్పకపోయిన యెడల ఆ పోగు తినవచ్చునని మా ఒడంబడిక. మధ్యాహ్నము ఎండుమిరపకాయలకు తొడిమలు తీయునప్పుడు యోసేపు కథయో దావీదు కథయో నడుచును. సాయంకాలము సరుగుడు తోపుగుండ సముద్రపుటొడ్డునకు పోయి, పోటు ఎంతవరకు వచ్చినదో పుల్ల పాతి గురుతు పెట్టుదుము. మరునాడు ఆ పుల్ల ఉన్నదో లేదో చూచుటయే వారికి ప్రకృతి పాఠము.

ఈ దినములలో దేవుడు మాకు దయచేసిన మేలులను దాచుకొనము. వాడు నవ్వుట మరల నేర్చుకొనెను. బైబిలు వాక్యమునకును అన్నమునకును, లెక్కకును పనికిని నడుమ గోడలు లేవని బిడ్డలు ఎరిగిరి. అన్నిటికంటె ముఖ్యముగా మేమే మారితిమి. పిల్లవానికి కోపమును గూర్చి పాఠము చెప్పి, అరగంటలో వానిమీద కేకవేసిన దినములు ఎన్నియో. మా పాఠములకంటె మా ప్రవర్తననే వారు త్వరగా చదువుచున్నారని తెలిసికొంటిమి. బడిలో ఉపాధ్యాయుడు సాయంకాలమునకు ఇంటికి పోవును. ఇంటిలో ఉపాధ్యాయునకు దాగుకొనుటకు చోటు లేదు.

అయితే సంఘములో అందరును మెచ్చుకొనలేదు. మమ్మును చిన్ననాటినుండి ఎరిగిన ఒక పెద్దాయన ఆరాధన ముగిసిన తరువాత మమ్మును వేపచెట్టు క్రిందికి పిలిచి, "ఏమయ్యా, బడి గడప తొక్కటానికి మన పెద్దవాళ్లు ఎంత ఏడ్చారో మీకు తెలవదా? వాళ్లు ఎక్కలేక ఏడ్చిన అరుగు మీరు దిగి వస్తున్నారు" అనెను. మేము ఆయనకు ద్వితీయోపదేశకాండమునుండి జవాబు చెప్పితిమి. ఆయన తల ఊపెనే గాని ఒప్పుకొనలేదు. ఆ మాట మా వెంట ఇంటికి వచ్చినది.

ఆయన చెప్పినది మన చరిత్ర. జాన్ క్లౌ దొరగారు 1866 సెప్టెంబరులో ఒంగోలునకు వచ్చిరి. మొదట ఆయన యొద్దకు చదువుకొరకు బిడ్డలను పంపినవారు ఊరిలోని అగ్రవర్ణములవారు. అంతలో యెర్రగుంట్ల పేరయ్యగారి సాక్ష్యమువలన పల్లెలలోని మాదిగలు సువార్తను అంగీకరించి, ఆయన యొద్దకు రాసాగిరి. వీరిని చేర్చుకొనిన యెడల మేము రామని మొదటివారు చెప్పిరి. ఆ దినమున దొరగారు ఒక గదిలోను దొరసానిగారు మరియొక గదిలోను బైబిలు తెరువగా, ఇద్దరికిని 1 కొరింథీయులకు 1వ అధ్యాయములో దేవుడు లోకములోని నీచులను ఏర్పరచుకొనుటను గూర్చిన భాగమే కనబడినదని ఆయన జీవిత చరిత్రవలన తెలియుచున్నది. వారు బీదలను చేర్చుకొనిరి. గొప్పవారు తమ పిల్లలను మాన్పించుకొనిరి. 1876 మొదలు 1878 వరకు వచ్చిన గొప్ప కరవులో ఆ దొరగారే బకింగ్‌హామ్ కాలువ పనిలో సుమారు మూడున్నర మైళ్లు గుత్తకు తీసికొని, ఆకలిగొన్న వేలమందికి కూలి ఇప్పించిరి. 1878 జూలై 3వ తేదీన వెల్లంపల్లి వద్ద గుండ్లకమ్మ నదిలో ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి. మా వంశమును ఆ కాలువ మట్టి మోసినవారిలోనిదే. వారికి సువార్తయు బడియు ఒకే చేతిలోనుండి వచ్చినవి. పలక పట్టుకొనుట వారికి పండుగవంటి సంగతి.

ఇట్టి జనమునకు "ఇంటివద్దనే చదువు" అను మాట చెవికి ఇంపుగా ఉండదు. ఇంటివద్దనే ఉండుమని లోకము వారితో తరతరములుగా చెప్పినది. కాబట్టి ఇతర దేశములలోని విశ్వాసులు ఈ పద్ధతిని గూర్చి వ్రాసిన వాటిని మనము చదువునప్పుడు, వారి గడపకును మన గడపకును గల భేదమును మరువరాదు.

సంఘ చరిత్రలో పెద్దలు ఈ సంగతిని రెండు వైపులనుండియు చూచిరి. మార్టిన్ లూథరు 1524లో జర్మనీ పట్టణముల పాలకులకు ఒక విన్నపము వ్రాసి, బడులు పెట్టుడని బతిమాలెను. తల్లిదండ్రులలో చాలమందికి నేర్పు శక్తి లేదు, శక్తి గలవారికి తీరిక లేదు, తల్లిదండ్రులు లేని బిడ్డల సంగతి ఎవరు చూతురు అనునది ఆయన వాదము. అనాథనుగూర్చి ఆయన వేసిన ఆ ప్రశ్నకు ఇంటి చదువు తనంతట తాను జవాబు చెప్పలేదు.

రెండవ వైపున సుసన్నా వెస్లీ అమ్మగారు కలరు. ఇంగ్లండులో ఎప్‌వర్తు గ్రామపు పాదిరిగారి భార్య. ఆమె కన్న 19 మంది బిడ్డలలో బ్రతికి పెద్దవారైనవారు పదిమంది. ఐదేండ్లు నిండిన మరునాడు ఒక్కొక్క బిడ్డను కూర్చుండబెట్టి అక్షరములు నేర్పెడిది. ఉదయము మూడు గంటలు, మధ్యాహ్నము మూడు గంటలు ఆమె ఇంటి బడి. వారములో ఒక్కొక్క సాయంకాలము ఒక్కొక్క బిడ్డతో ఏకాంతముగా మాటలాడెడిది, జానునకు గురువారము. 1732లో తన కుమారుడైన జాను అడుగగా ఆమె తన పద్ధతిని ఉత్తరములో వివరించి వ్రాసెను. 1709లో ఇల్లు కాలిపోయి బిడ్డలు చెదరి ఇతరుల ఇండ్లలో ఉండవలసివచ్చినప్పుడు వారు చెడ్డ అలవాట్లు నేర్చుకొనిరని ఆమె బాధపడెను. మేము ఈ మాటను గట్టిగా పట్టుకొంటిమి. బయట చెడుగు, ఇంట మంచి యని మాలో మేము చెప్పుకొంటిమి. ఆమె చరిత్రలో మరియొక అధ్యాయము కలదని అప్పుడు మేము గమనింపలేదు. దానిని చివర చెప్పెదము.

ఇక మా సిగ్గు సంగతి.

మా ఇంటి ప్రక్కన వలలవారి ఇల్లు. తండ్రి వేటకు పోవును. తల్లి చేపలగంప నెత్తిని పెట్టుకొని ఊరూరు తిరుగును. వారికి తొమ్మిదేండ్ల ఆడుబిడ్డయు, మూడేండ్ల మగబిడ్డయు. తల్లి గంపతో బయలుదేరగానే తమ్ముని చంకనెత్తుకొని ఆ పిల్ల మా వాకిట వచ్చి నిలుచుండెడిది. మేము పాఠము చెప్పుచున్నంతసేపు గుమ్మమునకు ఆనుకొని చూచెడిది. మేము ఆమెను పొమ్మనలేదు. రమ్మనియు అనలేదు. పొమ్మననందుకు మమ్మును మేమే మెచ్చుకొనుచుంటిమి.

ఒక దినము మా నడిమిది ఇసుక పళ్లెములో "అ" దిద్దుచుండగా, ఆ పిల్ల చేయి చాచి తానును దిద్దబోయెను. మా పెద్దవాడు పళ్లెమును తనవైపునకు లాగికొని, "నువ్వు ముట్టుకోవద్దు. ఇది మా బడి. నీది కాదు" అనెను.

ఆ పిల్ల ఏమియు అనలేదు. తమ్ముని ఈ చంకనుండి ఆ చంకకు మార్చుకొని వెళ్లిపోయెను.

ముట్టుకొనవద్దు అను మాట మా ఇంట ఎవరు నేర్పిరి? మేము ఎన్నడును అట్లు చెప్పలేదు. అయినను వాడు అబద్ధముగా నేర్చుకొనలేదు. వీధిలోని పిల్లలతో ఆడుకొందునని వాడు అడిగినప్పుడెల్ల మేము ఏదో యొక వంక చెప్పితిమి. వారి మాటలు మంచివి కావంటిమి, వారి ఇండ్లలో ఎడతెగక ఫోను చూతురంటిమి. ఈ వంకలన్నిటిని కూర్చుకొని వాడు ఒక్క మాటగా చేసి, మా నోటి మాటగా ఆ పిల్లతో చెప్పెను. ఒకనాడు ఒంగోలు బడి వదలి పోయినవారు మా పెద్దలను గూర్చి అనిన మాటకు ఇదియే పోలిక. మూడు తరములు చదివి, నాలుగవ తరము పసివాని నోట అదే మాట మా ఇంట పలికినది. ఆ రాత్రి మేము ప్రార్థనలో కూర్చుంటిమి గాని నోట మాట రాలేదు.

ప్రియులారా, అప్పుడు మాకు ఒక సంగతి తెలిసినది. గోడకు ఈ వైపున ఒక బిడ్డ ఇంటనున్నాడు. ఆ వైపున ఒక బిడ్డ ఇంటనున్నది. వాడు తల్లిదండ్రుల విశ్వాసమువలన ఇంటనున్నాడు. ఆమె తల్లిదండ్రుల లేమివలన ఇంటనున్నది. మావానికి బడి లేకపోవుట మేము కోరుకొనినది. ఆ పిల్లకు ఎవరును కోరమనలేదు. మేము మా విశ్వాసమును గూర్చి సంఘములో సాక్ష్యమిచ్చుచుండగా, ఆ లేమి మా గుమ్మమునకు ఆనుకొని నిలుచుండెను.

మరునాడు సాయంకాలము ఆమె తల్లి వచ్చిన తరువాత మేమిద్దరము వారి ఇంటికి పోయి, జరిగినది చెప్పి క్షమాపణ అడిగితిమి. ఆమె నవ్వి, "పిల్లకాయల మాటలకేముందమ్మా" అనెను. తరువాత, "దానికి బళ్లో పేరుంది. పిల్లోణ్ణి ఎవరు చూస్తారు?" అనెను. మూడేండ్ల తమ్ముని అంగన్‌వాడీలో చేర్చినయెడల అక్క బడికి పోవచ్చునను సంగతి ఆమె ఎరుగకపోలేదు. ఉదయము గంపతో పోవు తొందరలో వానిని అక్కడ దింపుటకు మనిషి లేదు, అంతే. ఆ మనిషి ప్రక్కింటిలో ఉండి, మూడేండ్లుగా ఆ మాట అడుగనేలేదు.

ఆమెతో కూడ మేము ప్రభుత్వపు బడికి పోతిమి. ఉపాధ్యాయుడు మర్యాదగా కూర్చుండబెట్టి, బడి బయటి పిల్లల పేర్లు వ్రాసిన పుస్తకము తెరచెను. ఆ పుటలో పొరుగింటి బిడ్డ పేరున్నది. దాని క్రింద వరుసలో మా కుమారుని పేరున్నది.

ఆయన మమ్మును ఏమియు అనలేదు. మాకు మాత్రము ఆ రెండు వరుసలు ధర్మశాస్త్రపు పలకలవలె కనబడినవి. 2009లో చేయబడి 2010 ఏప్రిల్ 1వ తేదీనుండి అమలులోనున్న విద్యాహక్కు చట్టము 6 మొదలు 14 ఏండ్లవరకు గల ప్రతి బిడ్డయు బడిలో ఉండవలెనని కోరుచున్నది. ఇంట చదువు చెప్పువారిని గూర్చి అందులో ప్రత్యేకమైన మాట లేదు. 14 ఏండ్లు నిండినవారు సార్వత్రిక విద్యాసంస్థ ద్వారా పదవ తరగతి పరీక్ష వ్రాయు త్రోవ ఉన్నది గనుక ఇంటి చదువు చెప్పుకొను కుటుంబములు దానిని ఆశ్రయించుచున్నవి. ఆ త్రోవ మాకు చాలునని తలంచితిమి. అయితే ప్రభుత్వపు పుస్తకము మా ఉద్దేశములను చదువలేదు. ఇద్దరు బిడ్డలను మాత్రమే చూచినది. ఒక విధముగా దేవుడును అట్లే చూచునని మాకు తోచినది.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు మరల వత్తము. బిడ్డ ఎవరివాడు? తల్లిదండ్రులవాడని ఒకరును, ప్రభుత్వమువాడని మరియొకరును అందురు. లేఖనములను వెదకినయెడల దేవుడు తన సేవకులను ఒకే బడిలో పెంచలేదని కనబడును. తిమోతికి విశ్వాసము అవ్వ లోయి, తల్లి యునీకే ఒడిలో దొరకినది. సమూయేలును హన్నా పాలు విడిపించి దేవుని మందిరములో అప్పగించెను. మోషే తన తల్లి చేతనే పాలు త్రాగి, ఫరో ఇంట ఐగుప్తీయుల విద్యలన్నియు నేర్చుకొనెనని అపొస్తలుల కార్యములు 7వ అధ్యాయము సాక్ష్యమిచ్చుచున్నది. మన ప్రభువు పండ్రెండేండ్లప్పుడు దేవాలయములో బోధకుల నడుమ కూర్చుండి వినుచు ప్రశ్నించుచు నుండెను. తరువాత నజరేతునకు పోయి తల్లిదండ్రులకు లోబడియుండెను. కాబట్టి ఇల్లు పాపము కాదు, బడి పాపము కాదు. ఇంటనే నేర్పుట పరలోకమునకు దగ్గరి దారియని బోధించువారును, ఇంట నేర్పువారందరు గర్విష్ఠులని తీర్పు తీర్చువారును తొందరపడుచున్నారు.

మాకు తోచినదేమనగా, తల్లిదండ్రులు తప్పించుకొనలేని బాధ్యతలు రెండు. మొదటిది, విశ్వాసము నేర్పు పనిని జీతమిచ్చి మరియొకరికి అప్పగింపరాదు. ఎంత మంచి బడికి పంపినను, ఆదివారపు బడి ఎంత బాగుగా నడచినను, పడక వేళ ప్రార్థన ఇంటివారిదే. రెండవది, కాపాడుట యను పేర బిడ్డను పొరుగువానికి కనబడకుండ దాచరాదు. మొక్కకు కంచె వేయుట అవసరము, మేక తినివేయును. అయితే కంచెలోనుండి గాలియు ఎండయు లోపలికి వచ్చును. గోడ కట్టినయెడల మేకయు రాదు, ఎండయు రాదు. మేము కంచె యనుకొని గోడ కట్టుకొంటిమి. లూకా 10వ అధ్యాయములో యాజకుడును లేవీయుడును గాయపడినవానిని కొట్టలేదు. ప్రక్కగా పోయిరి, అంతే. మేమును ఆ పిల్లను పొమ్మనలేదు.

ఇప్పుడు సుసన్నా అమ్మగారి చరిత్రలో విడిచిన సంగతి. 1711–12 చలికాలములో ఆమె భర్త లండనులో ఉండెను. ఆదివారము సాయంకాలములలో ఆమె తన బిడ్డలకును పనివారికిని వంటయింటిలో ప్రార్థన నడిపి ప్రసంగము చదివి వినిపించెడిది. పనివాడొకడు ఈ సంగతి తన తల్లిదండ్రులతో చెప్పగా, వారు తామును రావచ్చునా యని అడిగిరి. ఆమె రమ్మనెను. వారిని చూచి మరికొందరు, వారిని చూచి ఇంకను కొందరు వచ్చి, ఆ కూడిక 200 మందికి మించినది. తన బిడ్డలకొరకు పెట్టిన పాఠమునకు ఊరు వచ్చి కూర్చుండెను. ఆమె తలుపు మూయలేదు. జాను వెస్లీ, చార్లెసు వెస్లీ ఆ వంటయింటిలో పసివారు. పొలములలోను గనుల యొద్దను బీదలకు సువార్త చెప్పవలెనను మనస్సు వారికి ఎక్కడ కలిగినదో దేవునికే తెలియును. ఆ వంటయిల్లు దానికి అడ్డురాలేదని మాత్రము చెప్పవచ్చును.

మా ఇంట ఇప్పుడు జరుగుచున్నది చిన్న సంగతి. ఉదయము మాలో ఇంటనుండువారు పొరుగింటి పిల్లవానిని చంకనెత్తుకొని అంగన్‌వాడీలో దింపుదురు. వాని అక్క పుస్తకముల సంచి తగిలించుకొని బడికి పోవును. సాయంకాలము దీపము పెట్టువేళ ఆమెయు వీధిలోని మరి నలుగురును మా చాప మీద కూర్చుందురు. రెండు ఎక్కాలు, ఒక కథ, ఒక పాట. ఇసుక పళ్లెము నడుమనుండును. మొదటి దినము మావాడు దానిని ఆ పిల్లవైపునకు తోసి తల వంచుకొనెను. ఆమె దానిలో తన పేరు వ్రాసి, మావానికి వలకన్నులు ఎట్లు లెక్కించవలెనో నేర్పెను. ఆ లెక్క మాకును రాదు.

మావాని బడి సంగతి ఇంకను తేలలేదు. వేసవి గడచి జూనులో బడులు తెరచునప్పటికి ఆ పుస్తకములోని రెండవ వరుసకు మేము జవాబు చెప్పవలెను. వాడు మరల నిద్రలో ఉలికిపడునేమోయను భయము తల్లిదండ్రుల భయమే. దానిని మేము చులకన చేయము. వేపచెట్టు క్రింద మమ్మును గద్దించిన పెద్దాయన యొద్దకే పోయి, ఆలోచన చెప్పుమని అడిగితిమి. "ముందు మీ భయమేదో, మీ గర్వమేదో విడివిడిగా ఏరుకోండి. తరవాత వాణ్ణి అడగండి" అనెను. మిరపకాయలు తాలు వేరు, మంచివి వేరు ఏరినట్లు మేము ఆ పనిలోనున్నాము.

ఇది చదువు తల్లిదండ్రులారా, మీ బిడ్డలు బడికి పోవుచున్న యెడల, సాయంకాలము వారికొరకు ఒక గంట మీది కావలెను, ఫోనుది కారాదు. ఇంటనే నేర్పుచున్న యెడల, మీ గుమ్మమునకు ఆనుకొని ఎవరైన నిలిచియున్నారేమో ఒకసారి తల యెత్తి చూడుడి.

ప్రార్థన: చిన్నబిడ్డలను నీ యొద్దకు రానిచ్చిన ప్రభువా, మా బిడ్డలను నీవే మాకిచ్చితివి. వారిని కాపాడు జ్ఞానమును, వారిని దాచకుండు ధైర్యమును మాకు దయచేయుము. మా నోట మేము ఎరుగకయే నేర్పిన కఠినపు మాటలను వారి హృదయములలోనుండి తుడిచివేయుము. మా పొరుగింటి బిడ్డను మా బిడ్డవలె చూచు కన్నులిమ్ము. యేసు నామమున అడుగుచున్నాము. ఆమేన్.